క్యాంపులో భార్య, ప్రేయసి.. ఉత్తరాలే ఊపిరి! నాజీల చెర నుంచి బతికొచ్చిన ప్రేమకథ.. ఏంటీ 'స్టీల్ ఎ పెన్సిల్ ఫర్ మి'?

కడుపుకి తిండి లేదు. పక్కనున్న మనిషి రేపటికి ఉంటాడో లేదో తెలియదు. అలాంటి నాజీ నిర్బంధ శిబిరాల్లో జాక్ పోలక్, ఇనా సూప్ దొంగచాటుగా ప్రేమలేఖలు రాసుకున్నారు. ప్రాణాలతో బయటపడి పెళ్లి చేసుకున్నారు. 60 ఏళ్లు దాటాక ఆ కథను కెమెరా ముందు తామే చెప్పారు. దర్శకురాలు మిషెల్ ఒహయోన్ తీసిన ఆ డాక్యుమెంటరీ పేరు 'స్టీల్ ఎ పెన్సిల్ ఫర్ మి'. 'నా కోసం ఒక పెన్సిల్ దొంగిలించు' అని అర్థం. 2007లో వచ్చిన ఈ సినిమా వెనకున్న అసలు కథేంటో చూద్దాం.

బర్త్‌డే పార్టీలో మొదలు

1940 మే నెలలో జర్మనీ నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. యూదుల ఉద్యోగాలు, ఆస్తులు ఒక్కొక్కటిగా పోయాయి. 1942లో బట్టల మీద పసుపు నక్షత్రం తప్పనిసరి చేశారు. అదే ఏడాది జులై నుంచి రైళ్లలో తరలింపు మొదలైంది.

ఆ భయంలోనే 1943లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పుట్టినరోజు వేడుకలో జాక్, ఇనా కలిశారు. జాక్ సాధారణ అకౌంటెంట్, వయసు 30. ఇనాకి 20 ఏళ్లు, వజ్రాల వ్యాపారం చేసే సంపన్న కుటుంబం. చూడగానే జాక్ మనసు పారేసుకున్నాడు. కానీ అప్పటికే అతనికి పెళ్లయింది. భార్య మాన్యాతో కాపురం మాత్రం సవ్యంగా లేదు.

ఒకే బ్యారక్‌లో ముగ్గురూ

కొద్ది నెలల్లోనే ముగ్గురినీ వెస్టర్‌బోర్క్ శిబిరానికి పంపారు. విచిత్రం ఏంటంటే, ముగ్గురికీ ఒకే బ్యారక్ దక్కింది. ఇక్కడి నుంచి దాదాపు ప్రతి మంగళవారం ఒక రైలు బయల్దేరేది. ఎక్కువ రైళ్లు వెళ్లింది ఆష్విట్జ్‌కి, సోబిబోర్‌కి. అంటే చావుకే. ఎవరెవరు ఎక్కాలో ముందు రాత్రి పేర్లు చదివేవారు.

ఇంత గండంలోనూ ఇంటి గొడవలు ఆగలేదు. జాక్, ఇనా కలవడాన్ని మాన్యా ఒప్పుకోలేదు. దాంతో వాళ్లిద్దరూ ఉత్తరాలు మొదలుపెట్టారు. భార్యతో, ప్రియురాలితో కలిసి క్యాంపులో ఉండటం అంత తేలిక కాదని జాక్ తర్వాతి రోజుల్లో తన మీద తానే జోకులేసుకునేవాడు.

ఉత్తరాలు ఎలా సాధ్యమయ్యాయి?

1944లో వాళ్లను జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్‌కి తరలించారు. అక్కడ డచ్ యూదుల్లో చాలామందిని 'స్టార్ క్యాంప్' అనే విభాగంలో ఉంచారు. విదేశాల్లో పట్టుబడిన జర్మన్లను విడిపించుకోవడానికి వీళ్లను మార్పిడి ఖైదీలుగా వాడుకోవాలన్నది నాజీల లెక్క. అందుకే ఇక్కడి వాళ్లు ఖైదీ దుస్తులకు బదులు నక్షత్రం కుట్టిన సొంత బట్టలే వేసుకునేవారు. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరుగా ఉన్నా, రోజులో కాసేపు కలుసుకునే వీలుండేది. ఆ చిన్న సందులోంచే ఉత్తరాలు చేతులు మారాయి. కాగితం ముక్క, పెన్సిల్ దొరకడమే గగనం. సినిమా టైటిల్ అక్కడి నుంచి పుట్టిందే.

1944-45 చలికాలానికి పరిస్థితి చేయిదాటింది. ఆకలి, టైఫస్ జ్వరం వేలమందిని పొట్టనపెట్టుకున్నాయి. అన్నె ఫ్రాంక్ చనిపోయింది కూడా 1945 మొదట్లో, ఈ శిబిరంలోనే.

యుద్ధం ముగిశాక..

నెదర్లాండ్స్‌లోని సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతమయ్యారు. జాక్ తల్లిదండ్రులూ తిరిగి రాలేదు. జాక్, ఇనా, మాన్యా ముగ్గురూ బతికారు. జాక్, మాన్యా విడాకులు తీసుకున్నారు. 1946లో జాక్, ఇనాల పెళ్లయింది. తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు, పిల్లల్ని పెంచారు. దాచుకున్న ఉత్తరాలు 2000లో పుస్తకంగా వచ్చాయి.

ఈ సినిమా ఎందుకు ముఖ్యం?

హోలోకాస్ట్ గురించి మనకు తెలిసిన చాలా సాక్ష్యాలు యుద్ధం తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పినవి. ఈ ఉత్తరాలు అలా కాదు. రేపు ఏమవుతుందో తెలియకుండా, క్యాంపులోనే కూర్చుని రాసినవి. అందులో అసూయ, అలక, ఆశ అన్నీ ఉన్నాయి. 60 లక్షల మంది అనే అంకె వెనక మనలాంటి మామూలు మనుషులే ఉన్నారని ఇలాంటి కథే చెప్పగలదు. మాన్యా అభ్యంతరాన్నీ సినిమా దాచలేదు. అందుకే ఇది అల్లిన కథలా అనిపించదు.

సాక్షులు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. ఇనా 2014లో 91 ఏళ్ల వయసులో, జాక్ 2015 జనవరిలో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ముప్పును ముందే ఊహించి స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో షోవా ఫౌండేషన్ పెట్టి 50 వేలకు పైగా సాక్ష్యాలు రికార్డు చేయించారు. అసలు హోలోకాస్టే జరగలేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు రేపు ఎదురుగా నిలబడి జవాబు చెప్పడానికి సాక్షులు ఉండరు. ఈ ఉత్తరాలు, ఈ రికార్డింగులే చెప్పాలి.