చూడగానే చదివే మాటలు

ఇంగ్లిష్ కథల పుస్తకంలో ఏ పేజీ తెరిచినా ది, ఆఫ్, వాజ్, సెడ్, దే, వాంట్ వంటి చిన్న మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వీటి దగ్గర ఆగి కూడబలుక్కుంటూ ఉంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు పిల్లలు. ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లు సైట్ వర్డ్స్ పేరుతో ఇంటికి పంపే జాబితా ఇలాంటి మాటలదే. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ విలియం డోల్చ్ 1936లో ఇటువంటి 220 మాటలను ఏర్చి కూర్చి ప్రకటించాడు. నామవాచకాలను వాటిలో కలపకుండా 95 మాటలతో వేరే జాబితా చేశాడు. ఆ తర్వాత ఎడ్వర్డ్ ఫ్రై వెయ్యి మాటల జాబితా తయారుచేశాడు. అచ్చులో కనిపించే ఇంగ్లిష్‌లో దాదాపు సగం, అందులోని మొదటి 100 మాటలేనని ఆయన లెక్క.

రాసినట్టే పలికే తెలుగుకు అలవాటుపడిన ఇంట్లో ఈ మాటలు తికమక పెడతాయి. సెడ్‌నే తీసుకుంటే, రాసేది ఎస్, ఏ, ఐ, డి. మొదటి అక్షరం, చివరి అక్షరం తమ శబ్దాలనే పలుకుతున్నాయి. పేచీ అంతా నడిమి రెంటితోనే. ఆ రెంటి కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, అక్కడ ఎలా పలకాలో చెబితే పిల్లలకు పట్టు దొరుకుతుంది. మాటను బొమ్మలా గుర్తుపెట్టుకోమనడం కన్నా ఇది ఎంతో మేలు. అక్షరాలకూ శబ్దాలకూ ముడిపడినప్పుడే మాట జ్ఞాపకంలో నిలుస్తుందని లినియా ఏరీ వంటి పరిశోధకులు వివరించారు.

అందుకే ఇంట్లో ఏ ఆట ఆడించినా షరతు ఒకటే: మాటను చూసి పైకి చదివితేనే ఆట ముందుకు కదలాలి. వాకిట్లోనో మేడ మీదో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గడులు గీసి, గడికో మాట రాయవచ్చు. బిళ్ల పడిన గడిలోని మాట చదివాకే గెంతాలి. చదవలేకపోతే అవుట్ చేయకూడదు. చేస్తే, ఎక్కువ సాధన కావలసిన బిడ్డకే తక్కువ వంతులు వస్తాయి. పెద్దవాళ్లు మాట అందించాలి, బిడ్డ దాన్ని చూస్తూ తిరిగి చెప్పి ఆట కొనసాగించాలి. వైకుంఠపాళిలో నిచ్చెనల మొదట్లో, పాముల తలల మీద చిన్న చీటీలు అంటిస్తే ఇంకా సరదా. చదివితే నిచ్చెన ఎక్కవచ్చు, పాము నోట పడకుండా తప్పించుకోవచ్చు. ఆ తప్పించుకోవడం కోసమే పిల్లలు అక్షరం అక్షరం శ్రద్ధగా చూస్తారు.

పాత పెళ్లిపత్రికలను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో మాటను రెండేసి ముక్కల మీద రాస్తే జతలు వెతికే ఆటకు సరిపోతుంది. తిప్పిన ప్రతిసారీ పైకి చదివించాలి, లేకుంటే ఆకారం చూసి జత కలిపేస్తారు. అక్షరాభ్యాసం నాటిలాగే పళ్లెంలో బియ్యం పోసి, శబ్దాలు పలుకుతూ వేలితో రాయించడం చిన్నవాళ్లకు బాగా నచ్చుతుంది. ప్రయాణంలోనైతే బోర్డుల మీద వెతికించవచ్చు. లారీల వెనక కనిపించే ప్లీజ్, స్టాప్ రెండూ డోల్చ్ జాబితాలోవే.

ఆఫ్, ఫర్ వంటి వాటికి బొమ్మ చూపించలేం. వాటిని వాక్యంలో పెట్టి చెప్పాలి, ఆ రోజే కథల పుస్తకంలో వెతికి చదివించాలి. ఆటలో వచ్చిన మాట పుస్తకంలో రాకపోతే నేర్చుకున్నట్టు కాదు. వాజ్, సా అనే రెండు మాటల్లో ఉన్నవి అవే మూడు అక్షరాలు, వరస మాత్రం తిరగబడింది. ఇలాంటి జంటను ఒకే రోజు మొదలుపెట్టకూడదు. వారానికి నాలుగైదు కొత్త మాటలు, రోజుకు పది నిమిషాలు చాలు. పాత మాటలను మాత్రం వాటితో కలుపుతూ ఉండాలి. పక్కింటి పిల్లలతో పోల్చినా, తప్పుకు కసిరినా ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది.

నెలల తరబడి ఆడించినా అవే మాటల దగ్గర బిడ్డ ఆగిపోతుంటే చూపు, వినికిడి పరీక్ష చేయించి, టీచర్‌తో మాట్లాడాలి. డిస్లెక్సియా వంటి ఇబ్బంది ఏదైనా ఉంటే, ఎంత త్వరగా గుర్తిస్తే బిడ్డకు అంత త్వరగా సాయం అందుతుంది.