తీవ్ర న్యుమోనియా: ఐసియులో సమష్టి వైద్యం

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో వరుసగా మరణిస్తున్న తరుణంలో, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు వారి గొంతులో రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించవచ్చని నిరూపించాడు. సంచిని రాత్రింబవళ్ళు నొక్కేదెవరు? సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా ఆ పని చేశారు. మరణాల శాతం సగానికి పైగా తగ్గింది. నేటి ఐసియుకు అది నాంది. ఆ విభాగం పుట్టుకలోనే సమష్టి కృషి ఉంది.

తీవ్రమైన న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని వాయుగోణులు వాపు వల్ల ఊరిన ద్రవంతో నిండిపోతాయి. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపుతుందే కాని, రేగిన వాపును వెంటనే తగ్గించలేదు. అది తగ్గేదాకా వెంటిలేటర్ ఆదుకోవాలి. అయితే గాలి పట్టే భాగం కొద్దిగానే మిగిలిన ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ గాలి పంపితే, ఆ యంత్రమే వాటిని గాయపరుస్తుంది. 2000లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 861 మంది రోగులు పాల్గొన్నారు. శ్వాస పరిమాణాన్ని కిలోకు 12 మిల్లీలీటర్ల నుండి 6కు తగ్గిస్తే మరణాలు 39.8 శాతం నుండి 31 శాతానికి తగ్గాయి. ఇక్కడ కిలో అంటే రోగి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. 170 సెంటీమీటర్ల పురుషుడు నూరు కిలోలున్నా, లెక్కకు 66 కిలోలే. అతనికి ఒక్కో శ్వాసకు ఇవ్వవలసింది దాదాపు 400 మిల్లీలీటర్లు. అంటే ఈ చికిత్స నర్సు టేపుతో ఎత్తు కొలవడంతో మొదలవుతుంది.

రోగిని బోర్లా పడుకోబెట్టడం మరో ఉదాహరణ. 2013లో ప్రచురితమైన ఫ్రాన్స్, స్పెయిన్ అధ్యయనంలో 466 మంది తీవ్ర రోగులున్నారు. రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజుల మరణాలు 16 శాతం. వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం. ఇందులో మందు లేదు, కొత్త యంత్రమూ లేదు. ఉన్నది నలుగురైదుగురి సమన్వయం. ఒకరు తల దగ్గర నిలబడి శ్వాసనాళపు గొట్టాన్ని పట్టుకుని లెక్క చెబుతారు. మిగిలినవారు సెలైన్ గొట్టాలు ఊడకుండా, కళ్ళు, ముఖం ఒత్తుకుపోకుండా ఒక్కసారిగా తిప్పుతారు. ఆ అధ్యయనంలో పాల్గొన్న ఆసుపత్రులన్నిటికీ ఈ పనిలో అయిదేళ్ళకు పైగా అనుభవం ఉందన్నది మరువరాదు.

వెంటిలేటర్ నుండి విడిపించడమూ ఇద్దరు ముగ్గురి పనే. నర్సు ఉదయం మత్తుమందు ఆపాలి. రోగి మేల్కొన్నాక రెస్పిరేటరీ థెరపిస్ట్ సొంతంగా ఊపిరి పీల్చగలడేమో పరీక్షించాలి. మత్తులో ఉన్నవాడికి ఆ పరీక్ష పెట్టి ప్రయోజనం లేదు. ఈ రెంటినీ జతచేసిన పద్ధతి వెంటిలేటర్‌పై గడిపే రోజులను తగ్గించిందని 2008 నాటి అధ్యయనం చూపింది. మూత్రపిండాల స్థితిని బట్టి యాంటీబయాటిక్ మోతాదు సరిచూసే ఫార్మసిస్ట్, కండరాలు క్షీణించకుండా కదిలించే ఫిజియోథెరపిస్ట్ కూడా ఈ బృందంలోని వారే.

ఇందరున్నా, ఒకరి ఆలోచన మరొకరికి తెలియకపోతే ఫలితం శూన్యం. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఐసియులో జరిపి, 2003లో ప్రచురించిన పరిశీలనలో, రోగికి ఆ రోజు సాధించవలసినదేమిటో తెలిసిన నర్సులు, రెసిడెంట్ డాక్టర్లు పదిశాతం కూడా లేరు. రోజువారీ లక్ష్యాలను ఒక కాగితంపై రాయడం మొదలుపెట్టాక వారి సంఖ్య 95 శాతం దాటింది.

తెలుగునాట అనేక ఆసుపత్రులలో రెస్పిరేటరీ థెరపిస్టులు అరుదు. ఆ బాధ్యత డ్యూటీ డాక్టర్లు, నర్సుల భుజాలపైనే పడుతుంది. విదేశాల నుండి ఫోన్ చేసే పిల్లలు సాధారణంగా “పెద్ద డాక్టరుగారు ఏమన్నారు?” అని అడుగుతారు. దానితోపాటు “ఈ రోజు లక్ష్యమేమిటి? మత్తు తగ్గించి చూశారా? బోర్లా తిప్పే అవసరముందా?” అని అడగడం మేలు. తల్లిదండ్రులు వాడుతున్న మందులు, పడని మందులు, వారి మనోభీష్టం చెప్పగలిగేది కుటుంబమే. ఆ సమాచారం అందించే బంధువు కూడా చికిత్సాబృందంలో ఒకరే.