ఇరవై గురిగింజలెత్తు మందు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు మన్యం వీరుల చేతికి వచ్చాయి. ఈ రెండు అంకెల మీద చిన్న భాగహారం చేస్తే ఒక్కో తుపాకీకి వంద తూటాలు కూడా రావని తేలుతుంది. ఆ వందా పేలాక ఎంత మంచి తుపాకీ అయినా చేతికర్రతో సమానం. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్‌కు దళం చేరేసరికి అక్కడ ఆయుధాలు లేవు. ప్రభుత్వం ముందే తరలించేసింది.

అంతకుముందు మన్యంలో వాడుకలో ఉన్న నాటు తుపాకీకి ఈ ఇబ్బంది లేదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, రవ్వలో గుండో వేసి దట్టిస్తే సరి. మందు ఊళ్లోనే దొరికేది. పోలీసుల రైఫిల్ అలా కాదు. మందు, గుండు, నిప్పు అన్నీ ఒకే ఇత్తడి గొట్టంలో ఫ్యాక్టరీ నుంచి సిద్ధమై రావాలి. ఆ గొట్టమే తూటా. మాటల్లో మనం తూటాకూ గుండుకూ తేడా చూపం కానీ, ఎగిరి వెళ్లేది గుండు ఒక్కటే. తూటా అంటే మొత్తం సరంజామా.

మన్యం కొండలు దిగి గోదావరి తూర్పు డెల్టాలోకి వస్తే రాయవరం. మందు సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. దీపావళి వచ్చిందంటే ఇక్కడి బాణసంచా పనివాళ్లకు చేతినిండా పని. నల్లటి తుపాకిమందు పాళ్లు శతాబ్దాలుగా పెద్దగా మారలేదు. వందలో సూరేకారం 75 వంతులు, బొగ్గు 15, గంధకం 10. అదే మందు చిచ్చుబుడ్డిలో పువ్వై పూస్తుంది, పాతకాలపు తుపాకీలో గుండును తోస్తుంది. 2025 అక్టోబరు 8న రాయవరం మండలంలోని ఒక బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడులో పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. మందుతో పని ఎంత ప్రమాదమో ఇక్కడివాళ్లకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

ఈ నల్లటి మందుకు ఒక పెద్ద లోపం ఉంది. మండాక అందులో సగానికి పైగా పొగగా, మసిగా మిగిలిపోతుంది. వాయువుగా మారి గుండును తోసే భాగం తక్కువ. అందుకే ఆ కాలపు తుపాకులు వేగం బదులు బరువును నమ్ముకున్నాయి. అర అంగుళం లావు సీసం గుండ్లు సర్వసాధారణం. 1880లలో పొగరాని మందు వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది. నైట్రో సెల్యులోజ్ ఆధారంగా తయారైన ఈ మందు దాదాపు పూర్తిగా వాయువైపోతుంది. బయట అంటిస్తే చురచురా మండి ఊరుకుంటుంది. మూసిన గొట్టంలో మాత్రం ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత వేగంగా మండుతుంది, ఆ మంట ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. దాంతో సన్నని గుండును రెట్టింపు వేగంతో పంపడం వీలైంది. బ్రిటిష్ సైన్యం చేపట్టిన .303 ఆ మార్పుకు పుట్టిన బిడ్డే. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన ‘త్రీ నాట్ త్రీ’ ఇదే.

రైఫిల్ పేరులోని అంకెకు అర్థమేమిటి? అది గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. .303 అంటే 7.7 మిల్లీమీటర్లు. అయితే ఈ అంకెను కొలబద్దగా నమ్మితే మోసపోతాం. రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గాడుల మధ్య గట్ల నుంచి కొలిస్తే ఒక అంకె, గాడుల అడుగు నుంచి కొలిస్తే మరో అంకె వస్తుంది. .303లో పట్టే గుండు అసలు వ్యాసం .311 అంగుళం. అమెరికా వాళ్ల .308లో మాత్రం పేరూ, గుండు వ్యాసమూ ఒకటే. .30-06 పేరులో చివరి 06 కొలత కాదు, అది 1906వ సంవత్సరం. పల్లెల్లో వినిపించే ‘పన్నెండు బోరు’ లెక్క పూర్తిగా వేరు. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత లావు, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ లెక్కలో అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

ఒకే తూటాకు రెండు పేర్లుండటమూ మామూలే. జర్మనీలో 7×57 మౌజర్‌గా పుట్టిన తూటా లండన్ చేరి .275 రిగ్బీ అయింది. 1907లో చంపావత్ పెద్దపులిని మట్టుపెట్టినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా అందిన రైఫిల్ ఈ బోరుదే. మన గడ్డ మీద పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ మాత్రం లావు గుండు వైపు మొగ్గాడు. 1910లో బొల్లారంలో పుట్టిన ఈ వేటగాడు తిరుపతి దగ్గరి చామల లోయలో మనుషులను తినే పులి కోసం తిరిగిన కథను 1954లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆయన నమ్ముకున్నది .405 వించెస్టర్.

ఈ రెండింటిలో ఏది గొప్ప? వేటగాళ్లు నూరేళ్లుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. అంకెలు వేసి చూద్దాం. గుండు శక్తి దాని బరువును బట్టి పెరుగుతుంది, వేగాన్ని బట్టి వర్గంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే శక్తి రెండింతలు, వేగం రెట్టింపైతే నాలుగింతలు. .275లో తొమ్మిది గ్రాముల గుండు సెకనుకు సుమారు 810 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 3000 జౌళ్లు. యాభై కిలోల బియ్యం బస్తాను ఆరు మీటర్ల ఎత్తున్న మేడ మీదికి చేర్చడానికి పట్టే శక్తి అది. పదకొండు గ్రాముల .303 గుండు సెకనుకు 744 మీటర్లతో ఇంచుమించు అంతే శక్తి మోస్తుంది. 19 గ్రాముల .405 గుండు వేగం 670 మీటర్లే అయినా బస్తాను తొమ్మిది మీటర్లకు ఎత్తగలదు. ఏనుగుల కోసం తయారైన .470 శక్తి 7000 జౌళ్లకు దగ్గర. అది అదే బస్తాను కోనసీమ కొబ్బరిచెట్టు మొవ్వు దాకా, పద్నాలుగు మీటర్లకు ఎత్తుతుంది. చిన్నపాటి .22 మాత్రం అడుగు ఎత్తుకే అలసిపోతుంది.

శక్తి ఎక్కువైతే మంచిదేనా అంటే, భుజం ఒప్పుకోదు. గుండు ముందుకు పోయినంత జోరుగా తుపాకీ వెనక్కి తంతుంది. .303 గుండుతో పోలిస్తే .470 గుండు జోరు రెండున్నర రెట్లు. ఆ తన్నుకు భయపడి కళ్లు మూసుకునేవాడి గురి తప్పుతుంది. గాయపడి పొదల్లోకి పోయిన పులి ఊరికంతటికీ గండం. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు చిన్న .275తోనే వందలాది ఏనుగులను కూల్చాడు. ఏనుగు పుర్రె నిర్మాణం ఆయనకు క్షుణ్ణంగా తెలుసు, సన్నటి పొడవాటి గుండు ఎముకలో వంకర పోకుండా లోతుకు దిగుతుందనీ తెలుసు. ఆ ఏనుగుల లెక్క నేడు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ అది చెప్పే భౌతికశాస్త్రం మాత్రం నిజం. గుండు ఎక్కడ తగిలిందన్నది ఎంత లావుందన్న దానికన్నా ముఖ్యం.

గురిని నిలబెట్టేవి గొట్టంలోని గాడులు. .303లో గాడి పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన గొట్టం దాటే క్షణానికి గుండు సెకనుకు దాదాపు 2900 చుట్లు తిరుగుతూ ఉంటుంది. గిర్రున తిరిగే బొంగరం ఒరిగిపోకుండా నిలబడినట్టే గుండు కూడా ముక్కు ముందుకే పెట్టి పోతుంది.

మన దేశంలో బోర్ల చరిత్రను భౌతికశాస్త్రం ఎంత నడిపిందో పరిపాలన కూడా అంతే నడిపింది. 1878 ఆయుధ చట్టం భారతీయుల చేతుల్లోంచి తుపాకులను లాగేసుకుంది. సైన్యపు తూటాలు జనం తుపాకుల్లో పడతాయన్న భయంతో 1907 ప్రాంతంలో ఇండియాలో .450 బోరును నిషేధించారు. వేట రైఫిళ్లు చేసే లండన్ కంపెనీలు వెంటనే కొలత కాస్త జరిపి .465, .470, .475 తీసుకొచ్చాయి. ఏనుగు తుపాకుల్లో పేరుమోసిన .470 ఇలా ఒక సర్కారు ఉత్తర్వు వల్ల వెలుగులోకి వచ్చింది. అదే ఆలోచన కొనసాగింపే .315 బోరు. .303 సైన్యానిది కాబట్టి, లైసెన్సుదారు రైతు కోసం ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ రైఫిల్ పోలికతోనే వేరే తూటా పట్టే తుపాకీ తయారుచేసింది. పేలాక కింద పడిన ఖాళీ గొట్టం చూస్తే చాలు, అది సర్కారు తూటానో కాదో తెలిసిపోతుంది.

ఆ ఖాళీ గొట్టానికి మళ్లీ పని ఉంది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి అది. పేలినప్పుడు ఉబ్బి తుపాకీ గొట్టం గోడకు అంటుకుని వాయువు వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. మందు కాలిపోయింది, గుండు వెళ్లిపోయింది, ఇత్తడి మిగిలింది. తూటా ఖరీదులో పెద్ద వాటా ఈ ఇత్తడిదే. దాన్ని శుభ్రం చేసి, ఉబ్బిన ఒంటిని అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించడమే రీలోడింగ్. అమెరికాలో వేటగాళ్లు ఇంటి షెడ్డులో చేసుకునే పని ఇది. ఖర్చు తగ్గుతుందన్నది ఒక కారణం. ఆండర్సన్ వాడిన .405 లాంటి పాత బోర్లకు దుకాణంలో తూటాలు అరుదు కావడం మరో కారణం. అన్నిటికన్నా పెద్దది మూడోది: ప్రతి తూటాలో మందు ఒకే తూకంగా ఉంటే ప్రతి గుండూ ఒకే వేగంతో, ఒకే చోట తగులుతుంది.

ఆ తూకానికి వాడే కొలత గ్రెయిన్. అప్పట్లో ఒక ధాన్యపు గింజ బరువు, ఇప్పుడు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి తక్కెడలో పడే గురిగింజలో ఇంచుమించు సగం. సైన్యపు .303లో కార్డైట్ అనే పొగరాని మందు సుమారు 2.4 గ్రాములు, అంటే ఇరవై గురిగింజలెత్తు. పదకొండు గ్రాముల గుండును ధ్వనికి రెండింతల వేగానికి ఉరికించేది ఆ చిటికెడు మందే. అందులోని శక్తిలోనూ మూడో వంతు మాత్రమే గుండుకు చేరుతుంది, మిగిలినది వేడిగా, మంటగా పోతుంది.

ఆ కాస్త మందు మండేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త పైబడిన కాలంలో. ఆ లోపల తూటా గదిలో ఒత్తిడి మూడు వేల వాతావరణాలు దాటుతుంది. కారు టైరులో ఉండే గాలి కన్నా పదిహేను వందల రెట్లు. ఒక రకం మందు ఉండాల్సిన చోట త్వరగా మండే మరో రకం పడితే ఉక్కు కూడా నిలవదు, కాల్చేవాడి ముఖం ముందే తుపాకీ బద్దలవుతుంది. అందుకే అలవాటైన రీలోడర్లు బల్ల మీద ఒకసారి ఒకే డబ్బా మందు ఉంచుతారు, ఎవరైనా పలకరిస్తే పని ఆపేస్తారు.

అన్ని తూటాలనూ ఇలా నింపలేం. .22 తూటాలో నిప్పు పుట్టించే రసాయనం ఇత్తడి గొట్టం అంచు మడతలోనే ఉంటుంది, సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్ పోటీపడిన మరో విభాగం 50 మీటర్ల రైఫిల్. అందులో వాడేది ఈ .22 తూటానే. ఈ క్రీడాకారులు తూటాను తామే నింపుకోలేరు కాబట్టి, ఒకే ఫ్యాక్టరీలో వేర్వేరు విడతల్లో తయారైన తూటాలను తమ గొట్టంలో కాల్చి చూసి, రంధ్రాలన్నీ ఒక్కచోట పడిన విడతను ఎంచి కొనుక్కుంటారు.

వేట సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో మన దేశంలో వినోదపు వేట ముగిసింది. పులిని, ఏనుగును ఇప్పుడు లెక్కపెట్టి కాపాడుకుంటున్నాం. పంటలు పాడుచేసే అడవిపందుల విషయంలో తెలంగాణ వంటి చోట్ల అటవీ శాఖ నిబంధనల మేరకు, అనుమతి పొందిన షూటర్లతో కాల్పించే ఏర్పాటు ఉంది. రీలోడింగ్‌కు ఇక్కడ తలుపులు ఇంచుమించు మూసే ఉన్నాయి. 1959 ఆయుధ చట్టం దృష్టిలో నిండు తూటాయే కాదు, తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే నేరం.

చట్టబద్ధంగా తుపాకీ ఉన్న రైతు లైసెన్సు తెరిచి చూస్తే తుపాకీ బోరు రాసిన చోటు పక్కనే మరో వివరం ఉంటుంది: ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు. వందేళ్ల కిందట అడ్డతీగల స్టేషన్‌లో ఆయుధాలను ఖాళీ చేయించిన అధికారులు వేసుకున్న లెక్క ఇప్పుడు ఆ గడిలో ఉంది.