పొదిలి: నట్ట కండ, పొగాకు వేరు

ఒంగోలు నుంచి మార్కాపురం వెళ్లే దారిలో పొదిలి తగులుతుంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉన్న ఊరు. ఇక్కడి పొగాకు గురించి రాసేవాళ్లు బేలు ధర దగ్గర మొదలుపెట్టి ధర దగ్గరే ఆపుతారు. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి: ఈ నేలలోనూ, ఈ గొర్రెల పొట్టల్లోనూ మెలికలు తిరిగే పురుగుల కండ.

ఇది నెల్లూరు గొర్రెల సొంత సీమ. వానలు మొదలయ్యాక జీవాలకు నట్టల మందు తాగించకపోతే కాపరికి నిద్రపట్టదు. నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే నట్ట పడితే గొర్రె కనురెప్ప లోపలి ఎరుపు పోతుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. మందు పడగానే నట్ట చస్తుందనే అందరం అనుకుంటాం. లెవామిసోల్ చేసే పని అది కాదు. నట్ట కండను బిగించేస్తుంది. బిగిసిన కండ మళ్లీ సడలదు. పొట్టలో పట్టు తప్పిన నట్ట పెంటికలతో కొట్టుకుపోతుంది.

ఎందుకు బిగుస్తుంది? కాల్షియం వల్ల. మన ఒంట్లో నరం కండ దాకా వస్తుంది. ఈ పురుగుల్లో కండే చేయి చాచి నరాన్ని అందుకుంటుంది. నాకు ఎంత తలచుకున్నా వింత తీరని ఏర్పాటు ఇది. నరం కబురు అందగానే కండ కణంలో కాల్షియం పెరుగుతుంది. దాన్ని పట్టుకునే ప్రొటీన్ పేరు ట్రోపోనిన్-సి. కాల్షియం అంటుకుంటే దాని ఆకారం మారుతుంది. కండలోని సన్నపోగుల మీద అడ్డుగా ఉన్న మరో ప్రొటీన్ పక్కకు జరుగుతుంది. లావుపోగులు సన్నపోగుల్ని పట్టి లాగుతాయి. ఆ తర్వాత కాల్షియంను తోడి కణం లోపలి అరలో పోసే పంపు ఒకటి, అక్కడ దాన్ని నిల్వ పట్టే ప్రొటీన్ ఇంకొకటి. ట్రోపోనిన్‌ను 1960ల్లో వెలికితీసింది జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి. నట్టల్లాంటిదే, ప్రయోగశాలల్లో పెంచే సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగుకు ఒంటి గోడలో ఉండేవి 95 కండ కణాలే. వాటిలోని ట్రోపోనిన్-సి జన్యువు చెడితే పిల్ల గుడ్డులోనే కదలిక లేక, ఎదుగుదల మధ్యలో ఆగిపోతుంది.

లెవామిసోల్ పనిచేసేది కండ మీద నరం కబురు అందుకునే తలుపు దగ్గరే. పొగాకులోని నికోటిన్ తెరిచేదీ అలాంటి తలుపునే. లెవామిసోల్ రాకముందు కొన్ని దేశాల్లో గొర్రెలకు మైలుతుత్తం, నికోటిన్ సల్ఫేట్ కలిపి తాగించేవారు. పొదిలి చేలల్లో పండే ఆకు సారమే నట్టల మందు అన్నమాట.

ఈ కథలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు కూడా ఉన్నారు. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కండకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1947లో బోదకాలుకు హెట్రజాన్ తెచ్చింది. అదే నేటి డీఈసీ మాత్ర. చాలాకాలం అది మన రోగనిరోధక శక్తిని ఊతం చేసుకునే పనిచేస్తుందని నమ్మారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కండలో కాల్షియం చొరబడే దారులను నేరుగా తెరుస్తుందని 2020లో అమెరికా పరిశోధకులు చూపారు. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు ఆ మాట వినలేదు. కండ మీద అంత పనిచేసిన మనిషి వినవలసిన మాట.

ఇక పొగాకు నారుమడి సంగతి. పొగాకు మొక్క నికోటిన్‌ను తయారుచేసేది వేరులోనే. ఆ వేరులోకే వేరుముడి నులిపురుగు వచ్చి కాపురం పెడుతుంది. అర మిల్లీమీటరు ఉండే పిల్ల పురుగు మట్టిలో తడి వెంబడి మెలికలు తిరుగుతూ వచ్చి వేరు కొసలో దూరుతుంది. చోటు కుదిరాక నడిచే కండలు శుష్కించిపోతాయి. ఆడపురుగు బుడ్డిలా ఉబ్బి, రసం పీల్చే గొంతు కండ మాత్రం ఆడిస్తూ అక్కడే గుడ్లు పెడుతుంది. పైన నారు గిడసబారుతుంది, కింద వేరు బుడిపెలు కడుతుంది.

అందుకే రైతు దాన్ని ఇంకా మట్టిలో ఉండగానే పట్టాలి. ఎండాకాలంలో లోతు దుక్కి దున్ని గుడ్లనూ పిల్లలనూ ఎండకు పెట్టడం, విత్తే ముందు మడి మీద ఊకో చెత్తో పరిచి కాల్చడం పాత పద్ధతులే. నారు పీకే రోజున బుడిపెలు చూసి చేయగలిగింది ఆ నారు చేలో నాటకుండా పారేయడమే.