ఇంజనునకు గేరుపెట్టెను జతపరచుట

బోడినాయకనూరునుండి బోడిమెట్టునకు పోవు కొండదారి నెఱుగని విద్యార్థి మనలో లేడు. ఏలకుల తోటలకు కూలివారిని చేరవేయు జీపులు ఉదయమున ఈ దారినే యెక్కి సాయంకాలమున దిగుచుండును. ఎక్కుటకంటె దిగుటయే కష్టము. బ్రేకులనే నమ్ముకొని దిగినచో అవి వేడెక్కి పట్టు సడలును. కావున నేర్పరియగు డ్రైవరు చిన్న గేరువేసి, ఇంజనుచేతనే బండిని నిలువరించుచు దిగును. అట్టి వేళ గేరు తనంతట జారినచో బండిలోనివారి ప్రాణములకే ముప్పు. గేరు జారుటకు కారణములు పెక్కు గలవు. అందొకటి ఇంజనునకును గేరుపెట్టెకును పొత్తు కుదురకుండుట.

పాత బండ్లకు ఈ చిక్కు తఱచుగా కలుగును. 1940ల చివర మహీంద్రావారు మన దేశమున కూర్చనారంభించిన విల్లీస్ జీపులు పెట్రోలుతో నడచునవి. పెట్రోలు ఖర్చునకు వెఱచి కొందఱు యజమానులు వానిలో డీజిలు ఇంజనులను పెట్టించుకొనిరి. తరువాత మహీంద్రావారే 2,112 ఘనసెంటీమీటర్ల ప్యూజో డీజిలు ఇంజనుగల జీపులను చేసిరి. నేడు ముచ్చటపడి పాత బండ్లను బాగుచేయించువారికిని దొరకిన ఇంజను ఒకటి, ఉన్న గేరుపెట్టె మఱియొకటి.

ఇంజను వెనుక ఫ్లైవీలును, దానిపై క్లచ్చును ఉండును. గేరుపెట్టెనుండి ముందునకు వచ్చు షాఫ్టు క్లచ్చుపలక నడుమనుండి దూరి, దాని కొన క్రాంకుషాఫ్టు చివరనున్న పైలట్ బేరింగులో కూర్చుండును. షాఫ్టుపై నున్న గాళ్లు క్లచ్చుపలక గాళ్లతో సరిపోవలెను. షాఫ్టు పొడవైనచో క్రాంకును పొడుచును, పొట్టిదైనచో బేరింగునందదు. వీనినన్నిటిని కప్పియుండు ఇనుప లేక అల్యూమినియపు తొడుగే బెల్ హౌసింగు. గంటను బోలియుండుటచే దానికాపేరు వచ్చినది. గంటతొడుగు అని నేను వ్రాయగలను గాని, మన ఊరి వర్క్‌షాపులో అట్లు అడిగినచో నవ్వెదరు!

ఈ తొడుగును కేవలము మూతయని తలంపరాదు. ఇంజను కేంద్రమును గేరుపెట్టె కేంద్రమును ఒకే రేఖపై నిలుపుట దాని ముఖ్యకార్యము. బోల్టులు బిగించును, స్థానము నిర్ణయించునవి డోవెల్ పిన్నులు. కావుననే బోల్టులన్నియు పట్టినవన్న మాటను నమ్మి ఊరకుండరాదు. ఫ్లైవీలుకు డయల్ గేజిని బిగించి, దాని ముల్లును తొడుగు వెనుక రంధ్రపు అంచుపై నిలిపి, ఇంజనును చేతితో ఒక చుట్టు త్రిప్పవలెను. ముల్లు అంగుళములో అయిదు వేలవంతులకు మించి కదలరాదని సామాన్యనియమము. కేంద్రము తప్పినది అందులో సగమే. ఇంత స్వల్పమైన దోషమేమి చేయునని అడుగవచ్చును. ప్రతి చుట్టునను షాఫ్టు అటునిటు నెట్టబడి బేరింగు అరిగిపోవును, గేరు జారును.

లారీల పెద్ద ఇంజనులకు ఎస్.ఏ.ఈ. అను ఇంజనీర్ల సంఘము తొడుగుల కొలతలు నిర్ణయించినది. 3వ సంఖ్య తొడుగు వ్యాసము 409.575 మిల్లీమీటర్లు, 2వది 447.675, 1వది 511.175. సంఖ్య తగ్గుకొలది తొడుగు పెద్దదగుట విచిత్రము. పాత కార్లకును జీపులకును ఇట్టి కట్టుబాటు లేదు. ఏ కంపెనీ అచ్చు దానిదే. అట్టిచోట నడుమ అడాప్టరు పలక వేయుదురు. దాని మందముచే గేరుపెట్టె వెనుకకు జరుగును. షాఫ్టు పొడవును మరల చూచుకొనవలెను.

తొడుగు కుదిరినను లెక్క మిగిలియుండును. సీజే-3బీ జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.798, రెండవ పెట్టెలోని తక్కువ గేరు 2.46, ఇరుసు 5.38. ఈ మూడింటిని గుణింపుడు; ఇంచుమించు 37 వచ్చును. అనగా ఇంజను 37 చుట్లు తిరిగిన చక్రమొక చుట్టు తిరుగును. డీజిలు ఇంజను నిదానముగా తిరుగును గనుక, వేగమునకై కొందఱు 3.73 ఇరుసును వేయుదురు. అప్పుడు 37 అనునది 25.7 అగును. చదునుదారిలో అది సుఖమే. బోడిమెట్టు దిగునపుడు మాత్రము ఇంజను పట్టు మూడవవంతు తగ్గును. తోటకూలివారిని మోయు బండికి ఆ మార్పు తగదని నా అభిప్రాయము.

మన భాషవారైన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళనుల నడుమ బస్సు నడపి మోటారు వృత్తిలో ప్రవేశించిరి. కోయంబత్తూరులోని జీడీ కారు మ్యూజియములో పాత కార్లు చూడవచ్చును.

పాత జీపు కొనదలచిన తల్లిదండ్రులు ఫిట్టరు పని ముగించినంతనే డబ్బు చెల్లింపక, గేజి చూచితివా అని అడుగుడు. గేరుపెట్టె చేతితో నెట్టినపుడే తొడుగువఱకు చేరవలెను. చేరకున్నచో బోల్టులతో లాగి బిగించువానిని ఆపుడు. అట్లు బిగించినచో క్లచ్చుపలక వంగును, లేదా తొడుగు చెవి విరుగును.