సైరన్ మోగితే లేచే ప్రోగ్రాం

"ఆర్ట్స్ పిల్లవి, నీకు కోడింగ్ ఎందుకే?" అని క్లాసులో అందరూ నన్ను అడుగుతుంటారు. పోయిన ఏడాది నేను నలభై మాటలు పోగొట్టుకున్నాను, అందుకు.

మా తాత కోలారు బంగారు గనుల్లో పని చేశారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికి నేను పుట్టనే లేదు. ఆ రోజుల మాటలు ఇప్పుడు మా అవ్వ నోట్లోనే ఉన్నాయి. అమ్మది తమిళం, నాన్నది తెలుగు కాబట్టి అవ్వ మాటల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని స్ప్రెడ్‌షీట్‌లో రాసి, సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేశాను. మళ్ళీ తెరిస్తే తెలుగు ఉన్న చోటల్లా ప్రశ్నార్థకాలే! అవ్వని మళ్ళీ అడిగితే సగం గుర్తు రాలేదు.

తప్పెక్కడ జరిగింది? కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. 'అమ్మ'లో అ, మ, పొల్లు, మ అని 4 గుర్తులు, అంటే 12 బైట్లు. నేను సేవ్ చేసిన పాత పద్ధతిలో తెలుగుకి చోటే లేదు. అందుకే ప్రతి గుర్తూ '?' అయిపోయింది.

అప్పుడు పైథాన్ మొదలుపెట్టాను. గైడో వాన్ రోసమ్ 1991లో బయటికి తెచ్చిన భాష ఇది. భాష మన వంటిల్లయితే, మాడ్యూల్ అనేది ఎవరో చేసిపెట్టిన రుబ్బురోలు. కొన్ని భాషతోపాటే వస్తాయి. సీఎస్‌వీ ఫైళ్ళు చదివే మాడ్యూల్ అలాంటిదే. కొన్ని 'పిప్' అనే ఆజ్ఞతో తెచ్చుకోవాలి. వాచ్‌డాగ్ అలా తెచ్చుకునేది. ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైలు పడితే మన ప్రోగ్రాంకి చెప్పడమే దాని పని.

దీన్నే ఈవెంట్ పద్ధతి అంటారు. తాత షిఫ్టు దిగే వేళకి అవ్వ ఐదు నిమిషాలకోసారి వీధిలోకి తొంగిచూసేది కాదు. సైరన్ మోగితే పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. సైరన్ ఈవెంట్, నీళ్ళు పెట్టడం దానికి మనం రాసే ఫంక్షన్. ఊరికే మాటిమాటికీ తొంగిచూసే ప్రోగ్రాం కరెంటు దండగ.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. వాచ్‌డాగ్ కబుర్లను వరసలో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి అందిస్తుంది. ఒక ఫంక్షన్ ఆలస్యం చేస్తే వెనకవన్నీ ఆగాల్సిందే, ఒక్క పొయ్యి ఉన్న ఇంట్లోలాగా. రెండోది, ఫైలు పూర్తిగా కాపీ కాకముందే 'వచ్చింది' అనే కబురు రావచ్చు. బిందె నిండకముందే ఎత్తుకుంటే ఇంటికి సగం నీళ్ళే వస్తాయి. అందుకని ఫైలు సైజు పెరగడం ఆగేదాకా చూసి, ఆ తర్వాతే చదవాలి.

ఇప్పుడు నా ప్రోగ్రాం కొత్త ఫైలు రాగానే దాన్ని యూటీఎఫ్-8గా చదివి, మాటలను పెద్ద పట్టికలో చేరుస్తుంది. అసలు ఫైలుని ముట్టుకోదు. మొదటిసారి నేను చేయనిది అదే.

మీ ఇంట్లో కూడా అవ్వో తాతో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. పది మాటలు రాసి తెండి. ఫైలు పోకుండా చూసే పూచీ నాది. మాటలు పోకుండా చూడాల్సింది మాత్రం మనందరం.