కేసు షీటు చెప్పే కబుర్లు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఫైలు గతేమిటో అందరికీ తెలిసిందే. బీరువా మీదికో పరుపు కిందికో చేరుతుంది. మళ్లీ జ్వరమొచ్చి ‘ఆ పాత చీటీ ఎక్కడ పెట్టావు?’ అని ఇల్లంతా వెతికేదాకా దాని ఊసుండదు. అలాంటి కాగితాలే వేలకొద్దీ ఒకచోట చేరి, వాటి ముందు ఓపికున్న మనిషి ఒకరు కూర్చున్నప్పుడు బయటపడ్డ సంగతులు కొన్ని ఇవి. కాగితమే మనిషిని బోల్తా కొట్టించిన సందర్భాలూ ఉన్నాయి. అవి ఇంకా సరదాగా ఉంటాయి.

పోయినవాళ్ల లెక్క

హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రీకు గ్రంథం ‘ఎపిడెమిక్స్’ మొదటి, మూడో భాగాల్లో కలిపి 42 మంది రోగుల వివరాలున్నాయి. జ్వరం ఏ రోజున ఎలా ఉంది, నిద్ర పట్టిందా, మూత్రం ఏ రంగులో వచ్చింది, అన్నీ రోజువారీగా రాసిపెట్టారు. ఆ 42 మందిలో 25 మంది చనిపోయారు. నయమైన కేసుల గురించి చెప్పుకోని వైద్యుడుండడు. చేజారిన కేసులే ఎక్కువని దాచకుండా రాసినవాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే ఉన్నారు.

నాలుగు కోట్ల జలగలు

1833లో ఫ్రాన్స్ విదేశాల నుంచి 4 కోట్లకు పైగా జలగల్ని తెప్పించుకుంది. ఏ జబ్బుకైనా రక్తం తీయడమే మందు అనుకునే రోజులవి. ఆ కాలంలోనే పారిస్‌లో పియర్ లూయీ అనే డాక్టరు 77 మంది న్యుమోనియా రోగుల వివరాలు ముందేసుకుని లెక్కకు దిగాడు. జబ్బు పడ్డ తొలి నాలుగు రోజుల్లో రక్తం తీసిన 41 మందిలో 18 మంది పోయారు. అయిదో రోజు నుంచి తొమ్మిదో రోజు మధ్య తీసిన 36 మందిలో పోయింది 9 మంది. ఎంత త్వరగా తీస్తే అంత మంచిదన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. లెక్క చిన్నదే. ‘నా అనుభవంలో’ అంటూ మొదలయ్యే వాదనకు ఎదురుగా ఒక పట్టిక పెట్టడం మాత్రం అప్పటికి కొత్త.

శవాల గది నుంచి పురిటి గదికి

వియన్నా ఆస్పత్రిలో డాక్టర్ల చేత చేతులు కడిగించిన సెమ్మెల్‌వైస్ కథ చాలామంది చదివిందే. 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోతున్న వార్డులో, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవడం మొదలయ్యాక జూన్‌లో ఆ లెక్క రెండుకు దిగింది. అంతగా ప్రచారం కానిది ఇంకోటుంది. ఆయన ఆ ఆస్పత్రి రిజిస్టర్లను 1784 దాకా వెనక్కి తిరగేశాడు. మొదటి నలభై ఏళ్లూ బాలింతల మరణాలు నూటికి ఒకటీ అరా. 1823 నుంచి పెరుగుతూ వచ్చాయి. ఆ ఆస్పత్రిలో శవాలను కోసి పరీక్షించే పని జోరందుకున్నది సరిగ్గా అప్పుడే. శవాల గది నుంచి నేరుగా పురిటి గదికి వస్తున్న చేతుల్ని పట్టిచ్చింది పాత రిజిస్టరు.

మంత్రసానుల చిట్టా

అన్నిటికంటే నాకు నచ్చే కథ ఇది. ఇంగ్లండులో హార్ట్‌ఫర్డ్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మంత్రసానుల పనిని పర్యవేక్షించే ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ 1911 నుంచి ఒక పద్ధతి పెట్టింది. బిడ్డ పుట్టగానే తూకం వేసి చీటీ మీద రాయాలి. ఏడాది నిండాక మళ్లీ తూకం వేయాలి. తల్లిపాలు తాగుతోందా, సీసాపాలా అన్నదీ రాయాలి. ఆ చీటీల్లోని వివరాలన్నీ పెద్ద పుస్తకాల్లోకి ఎక్కేవి. గుండెజబ్బుల ఆలోచన అక్కడెవరికీ లేదు. బిడ్డ బతికి బట్టకడితే చాలు.

దశాబ్దాలు గడిచాక ఆ పుస్తకాలు సౌతాంప్టన్‌లో పనిచేసే డేవిడ్ బార్కర్ బృందం చేతికి చిక్కాయి. 1911-1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్లను తీసుకుని, ఎవరు ఏ జబ్బుతో పోయారో మరణాల నమోదుతో జతచేసి చూశారు. 1989లో ఫలితం అచ్చయింది. పుట్టినప్పుడూ ఏడాదికీ బరువు బాగా తక్కువున్నవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారు. పెద్దయ్యాక వచ్చే గుండెపోటుకు బీజం అమ్మ కడుపులో పడుతుందంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు.

మరి మన దేశంలో ఇలాంటి పాత చిట్టాలు ఉన్నాయా? మైసూరులో ఉన్నాయి. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రిలో 1934 నుంచి పుట్టిన బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసిపెట్టారు. అలా పుట్టి పెద్దయిన 517 మందిని వెతికి పట్టుకుని పరీక్షిస్తే, రెండున్నర కిలోలు, అంతకంటే తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో నూటికి 11 మందికి గుండెజబ్బు ఉంది. మూడు కిలోలు దాటి పుట్టినవాళ్లలో నూటికి ముగ్గురికే.

ఉప్మా తిన్న ఊళ్లు

హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలది ఇంకో కథ. 1987-1990 మధ్య వాటిలో కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఒక పథకం కింద రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిందది. మిగతా ఊళ్లలో ఆ పథకం ఇంకా మొదలుకాలేదు. జాతీయ పోషకాహార సంస్థ అప్పట్లో చూసింది పుట్టిన బిడ్డల బరువునే. తేడా కొద్దిపాటిదే, 61 గ్రాములు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లల్నే మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లకు మీసాలొచ్చాయి, కొందరికి పెళ్లి మాటలూ నడుస్తున్నాయేమో! ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. రక్తనాళాల బిరుసు తక్కువ. ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. ఉప్మాను చూసి మొహం తిప్పుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

రాళ్ల లెక్కలో కిరికిరి

కిడ్నీలో రాళ్లు తీయడానికి ఉన్న దారుల్లో రెండు చూద్దాం. ఒకటి కోత పెట్టి ఆపరేషన్, రెండోది నడుముకు చిన్న రంధ్రం పెట్టి తీయడం. 1986లో లండన్ డాక్టర్లు ఒక్కో పద్ధతికి 350 కేసులు లెక్క చూశారు. కోత ఆపరేషన్ 273 మందిలో ఫలించింది. రంధ్రం పద్ధతి 289 మందిలో ఫలించింది. రంధ్రం పద్ధతే మేలని తీర్పు చెప్పేయొచ్చా?

ఆగండి. చిన్న రాళ్లవాళ్లను విడిగా చూస్తే కోతకు నూటికి 93, రంధ్రానికి 87. పెద్ద రాళ్లవాళ్లలో కోతకు 73, రంధ్రానికి 69. విడివిడిగా రెండు చోట్లా గెలిచిన పద్ధతి, కలిపి చూస్తే ఓడిపోయింది! కారణం ఫైళ్లలోనే ఉంది. పెద్ద రాయి ఉన్న మొండి కేసుల్ని డాక్టర్లు ఎక్కువగా కోతకే పంపారు: కోతకు 263 మంది, రంధ్రానికి 80 మంది. చదువులో వెనకబడ్డ పిల్లలందర్నీ ఏరి ఒకే మాస్టారి సెక్షన్‌లో వేసి, ఆయన పాస్ శాతం తక్కువని నిలదీసినట్టు. ‘మా దగ్గర సక్సెస్ రేటు ఇంత’ అనే బోర్డు ఎక్కడ కనిపించినా నాకు ఈ రాళ్లే గుర్తొస్తాయి.

ఉబ్బసం ఉంటే అదృష్టమా?

1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల రికార్డులిచ్చి, ఎవరికి ప్రాణగండం ఎక్కువో చెప్పమని కంప్యూటరుకు నేర్పారు. అది నేర్చుకున్న సూత్రాల్లో ఒకటి: ఉబ్బసం ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే చనిపోయే అవకాశం తక్కువ. డాక్టర్లు నోరెళ్లబెట్టారు. నిజానికి లెక్క తప్పు కాదు. ఉబ్బసం మనిషికి న్యుమోనియా అనగానే పరుగున ఐసీయూలో పెట్టి, కంటికి రెప్పలా చూసుకుంటారు. అందుకే బతుకుతున్నారు. ఆ హడావుడి సంగతి కంప్యూటరుకు తెలియదు. దాని మాట విని ఉబ్బసం వాళ్లను ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో!

తెల్లవారుజామున తీసిన రక్తం

బోస్టన్‌లోని రెండు ఆస్పత్రుల రికార్డుల మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. రోగి మూడేళ్లు బతుకుతాడా లేదా అన్నది అంచనా వేయడానికి, రక్తపరీక్ష ఫలితం కంటే ఆ పరీక్ష ఏ వేళ రాశారన్నదే చాలాసార్లు ఎక్కువ పనికొచ్చింది. పోల్చి చూసిన 174 పరీక్షల్లో 118 అలా తేలాయి. ఆలోచిస్తే వింతేం లేదు. మధ్యాహ్నం పన్నెండుకు రక్తం తీయించుకునేది మామూలు చెకప్ మనిషి. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ డాక్టరు పరీక్ష రాశాడంటే ఏదో ముంచుకొచ్చిందన్నమాటే.

సింహరాశికి కడుపులో రక్తస్రావం

వారఫలాలు చూసేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు కోటికి పైగా జనం ఆస్పత్రి రికార్డుల్ని పీటర్ ఆస్టిన్ అనే గణాంక శాస్త్రవేత్త, మరికొందరు కలిసి రాశులవారీగా విడగొట్టారు. చంద్రరాశి కాదు, పుట్టిన తేదీని బట్టి చెప్పే రాశి. జనంలో సగం మందిని తీసుకుని వెతికితే పన్నెండు రాశుల్లో ప్రతిదానికీ ఏవో జబ్బులు తగులుకున్నాయి. మిగతా సగం మీద పరీక్షించినా రెండు నిలిచాయి. సింహరాశివాళ్లకు జీర్ణకోశంలో రక్తస్రావం ఎక్కువట, ధనుస్సువాళ్లకు భుజం ఎముక విరగడం ఎక్కువట. ఎన్నిసార్లు వెతికారో ఆ లెక్క కూడా కలిపి సరిచేసేసరికి రెండూ ఎగిరిపోయాయి. కావలసిందీ అదే. వందసార్లు గురి చూడకుండా రాయి విసిరితే ఒకటో రెండో కాయలు రాలతాయని చూపించడానికే ఆ 2006 వ్యాసం రాశారు.

గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణం కాపాడుతుందని 17,187 మంది మీద తేల్చిన 1988 ప్రయోగంలోనూ ఇదే వేళాకోళం ఉంది. రోగుల్ని గుంపులు గుంపులుగా విడదీసి చూపించమని పత్రిక అడిగితే, పరిశోధకులు రాశుల పట్టిక కూడా ఇచ్చారు. మిథున, తులారాశులవాళ్లకు ఆస్పిరిన్ పనిచేయలేదని అందులో తేలింది.

నొప్పి మాత్ర

కీళ్లనొప్పులకు కోట్లమంది వాడిన రోఫెకాక్సిబ్ మాత్రను 2004 సెప్టెంబరు 30న కంపెనీ మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. దాదాపు అదే సమయంలో, కాలిఫోర్నియాలో కైసర్ పర్మనెంటే సంస్థ దగ్గరున్న సుమారు 14 లక్షల మంది రికార్డుల్ని తిరగేసిన డేవిడ్ గ్రాహం బృందం, ఎక్కువ మోతాదులో వేసుకున్నవాళ్లకు తీవ్రమైన గుండెజబ్బు ముప్పు మూడు రెట్లు దాటిందని లెక్కగట్టింది. మందు అమ్మకానికి రాకముందు జరిగే పరీక్షల్లో ఉండేది కొన్ని వేలమంది. అరుదైన ముప్పు అంత చిన్న గుంపులో దొరకదు.

పెద్ద గుంపు కావాలంటే డెన్మార్క్‌ను చూడాలి. అక్కడ 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరుంది. పుట్టుక, టీకా, ఆస్పత్రి, చావు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అందుకే ఎమ్మెమ్మార్ టీకాతో ఆటిజం రాదని 6,57,461 మంది పిల్లల లెక్కతో 2019లో చెప్పగలిగారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 2010 నుంచి తన ‘ఐస్మార్ట్’ కంప్యూటర్ రికార్డుల్లో లక్షలమంది కళ్ల వివరాలు దాస్తోంది. కళ్లు పొడిబారడం లాంటి సమస్యల మీద అక్కడి నుంచి వచ్చే వ్యాసాలకు ఆ రికార్డులే ముడిసరుకు.

ఇరవై డాలర్ల ఓటరు జాబితా

పేరు చెరిపేస్తే రోగి గుట్టు దక్కినట్టేనా? 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆస్పత్రి రికార్డుల్ని పేర్లు తీసేసి, పుట్టిన తేదీ, పిన్‌కోడు మాత్రం ఉంచి పరిశోధకులకిచ్చింది. గవర్నర్ విలియం వెల్డ్, ఎవరి వివరాలూ బయటపడవని భరోసా ఇచ్చాడు. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి ఆయన ఉండే ఊరి ఓటరు జాబితా కొనింది. ఆయన పుట్టిన రోజునే పుట్టినవాళ్లు ఊళ్లో ఆరుగురు, అందులో మగవాళ్లు ముగ్గురు, ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కడే. గవర్నరుగారి రికార్డు ఆయన ఆఫీసుకే చేరింది.

ఈ దెబ్బ గురించి ఇంకా పాఠాల్లో చెబుతున్నారు. కరోనా కాలంలో బ్రిటన్‌లో ‘ఓపెన్‌సేఫ్లీ’ కట్టినవాళ్లు అందుకే దారి మార్చారు. కోట్లమంది రికార్డులు ఉన్నచోటే ఉంటాయి. పరిశోధకులు తమ ప్రోగ్రాములు అక్కడికి పంపి, జవాబు మాత్రం తెచ్చుకుంటారు.

రాయి లేని సమాధి

1894 ప్రాంతంలో హార్వర్డ్ వైద్య విద్యార్థులిద్దరు పందెం కాశారు. రోగికి మత్తు ఎవరు బాగా ఇస్తారో చూద్దాం, ఓడినవాడు భోజనం పెట్టించాలి. తేల్చడానికి లెక్క కావాలి కదా, ఆపరేషన్ సాగుతున్నంతసేపూ నాడి ఎలా ఉందో చార్టు మీద గీయడం మొదలుపెట్టారు. మత్తు డాక్టర్లు ఇవాళ్టికీ నింపే చార్టుకు మూలం అదే. వాళ్లలో హార్వీ కుషింగ్ మెదడు శస్త్రచికిత్సలో మహానుభావుడయ్యాడు. రెండోవాడు ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్.

కాడ్‌మన్‌కు ఆ లెక్కల పిచ్చి వదల్లేదు. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూడాలి, నయమైందో లేదో, కాకపోతే ఎవరి పొరపాటో కార్డు మీద రాయాలి అన్నాడు. తాను పనిచేసే పెద్దాస్పత్రి ఒప్పుకోకపోతే బోస్టన్‌లో సొంతంగా చిన్న ఆస్పత్రి నడిపాడు. 1911-1916 మధ్య 337 మంది రోగులు, 123 పొరపాట్లు. తనవాటితో సహా అన్నీ అచ్చువేసి దేశమంతా పంచాడు. 1915లో ఒక సభలో పెద్ద కార్టూన్ తెర తీశాడు. ఇసుకలో తల దూర్చిన ఉష్ట్రపక్షి డాక్టర్ల వైపు బంగారు గుడ్లు తన్నుతోంది. ఆ పక్షి బోస్టన్‌లోని డబ్బున్న జనం. స్థానిక వైద్య సంఘంలో పదవి పోయింది, హార్వర్డ్‌లో కొలువూ పోయింది.

ఆయన 1940లో చనిపోయాడు. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఆయన సమాధి మీద పేరున్న రాయి 2014లో పెట్టారు.